పిల్లలున్న ఇంట్లో చిన్న రిపేర్లు: ముందు ఆపడం నేర్చుకోండి

రాత్రి 11:30. మా బాబుకి అప్పుడు మూడేళ్లు. బాత్రూంలో టప్‌మని శబ్దం, ఆ వెంటనే వాన పడుతున్నట్టు హోరు. ఫ్లష్ ట్యాంకుకి నీళ్లు తీసుకెళ్లే కనెక్షన్ పైపు పగిలింది. మా ఆయన ఊళ్లో లేరు. పైపుకి టవల్ చుట్టి చేత్తో అదిమి పట్టుకున్నాను. అలా ఎంతసేపు పట్టుకోగలం? పది నిమిషాల్లో నీళ్లు హాల్లోకి వచ్చేశాయి. హాల్లో ఎక్స్‌టెన్షన్ బోర్డు నేల మీదే ఉంది. చప్పుడికి నిద్ర లేచిన బాబు ఆ నీళ్లలోకే నడుచుకుంటూ వచ్చాడు.

ఆ పైపుకి జానెడు దూరంలో, గోడకి ఒక చిన్న యాంగిల్ కాక్ ఉంది. దాన్ని కుడివైపు తిప్పేస్తే నీళ్లు ఆగిపోతాయి. వాచ్‌మన్ పైకొచ్చి అదే చేశాడు. రెండు సెకన్ల పని.

అందుకే పిల్లలున్న ఇంట్లో తల్లిదండ్రులు నేర్చుకోవాల్సిన పనుల్లో బాగుచేయడం రెండోది. మొదటిది ఆపడం. నీళ్లు, కరెంటు, గ్యాసు, ఈ మూడూ ఎక్కడ ఆగుతాయో ఇంట్లో పెద్దవాళ్లందరికీ తెలియాలి. బాగుచేయడం రేపు పొద్దున మేస్త్రీ వచ్చి చేసినా నష్టం లేదు, ఆపడం మాత్రం ఆ క్షణంలో ఇంట్లో ఉన్నవాళ్లే చేయాలి. ఈ ఆదివారం ఒక గంట దీనికి పెట్టండి.

నీళ్లు

ముందు ఇంట్లో ఉన్న చిన్న కాక్‌లన్నీ వెతకండి. వాష్ బేసిన్ కింద, సింకు కింద, ఫ్లష్ ట్యాంకు పక్కన, గీజరు కింద ఉంటాయి. ఒక్కోదాన్నీ కుడివైపు తిప్పి కట్టేసి, దాని పైనున్న పంపు తెరిచి చూడండి. నీళ్లు పూర్తిగా ఆగాయా? ఆగితే సరే. సన్నగా కారుతుంటే ఆ కాక్ మార్పించాలని రాసిపెట్టుకోండి.

తర్వాత మెయిన్ వాల్వ్. సొంత ఇల్లయితే డాబా మీద ట్యాంకు నుంచి దిగే పైపుకి ఉంటుంది. అపార్ట్‌మెంట్‌లో ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది: బాత్రూం పైన అటకలోనో, బయట డక్టులోనో, టెర్రస్ మీద వరసగా ఉన్న పైపుల్లోనో. మీ ఫ్లాటుది ఏదో తెలియకపోతే వాచ్‌మన్‌ని అడగండి, ఆయన చూపించిన దాన్ని కట్టి, ఇంట్లో పంపు తిప్పి రూఢి చేసుకోండి. పెయింటుతో దాని మీద ఫ్లాటు నంబరు రాయండి.

గుండ్రటి చక్రం ఉన్న గేట్ వాల్వ్ అయితే ఏళ్ల తరబడి తిప్పకపోతే పట్టేస్తుంది. బోరు నీళ్లున్న చోట మరీను, ఉప్పు పేరుకుని రాయిలా అయిపోతుంది. అప్పుడు పైప్ రెంచ్ పెట్టి బలవంతంగా తిప్పకండి, లోపలి కాడ విరిగితే ఇక ఆపే దారే ఉండదు. కాడ దగ్గర నాలుగు చుక్కలు మెషిన్ ఆయిల్ వేసి, గంట ఆగి, కొంచెం అటూ కొంచెం ఇటూ కదుపుతూ వదులు చేయండి. వదులయ్యాక నెలకోసారి పూర్తిగా మూసి తెరవడం అలవాటు చేసుకోండి. పూర్తిగా తెరిచాక ఒక పావు చుట్టు వెనక్కి తిప్పి వదిలితే మళ్లీ అంత తేలిగ్గా పట్టేయదు. ఎలాగూ మార్పిస్తున్నారంటే పిడి ఉన్న బాల్ వాల్వ్ పెట్టించుకోండి. పిడి పైపుకి అడ్డంగా ఉంటే మూసినట్టు, పైపు వెంటే ఉంటే తెరిచినట్టు. చీకట్లో కూడా చేత్తో తడిమి చెప్పేయొచ్చు.

కరెంటు

మీ ఇంటి మెయిన్ బోర్డు తెరిచి చూడండి. వరసగా ఎంసీబీలనే చిన్న చిన్న స్విచ్చులు ఉంటాయి. వాటితోపాటు, కాస్త వెడల్పుగా, టెస్ట్ అనో టి అనో రాసిన చిన్న బటన్ ఉన్నది ఒకటి ఉండాలి. దాన్ని ఆర్‌సీసీబీ అంటారు. ఎంసీబీ వైర్లు వేడెక్కి కాలిపోకుండా చూస్తుంది, మనిషిని కాపాడేది మాత్రం ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానంగా లేవంటే, అంటే కొంత ఎవరి ఒంట్లోంచో నేలలోకి పోతోందంటే, అది కన్నుమూసి తెరిచేలోపు సప్లై కట్ చేస్తుంది. ఇళ్లకి పెట్టాల్సింది 30 మిల్లీ ఆంపియర్లది. దాని మీదే 30ఎంఏ అనో 0.03ఏ అనో రాసుంటుంది. సాకెట్‌లో వేలు పెట్టే వయసు పిల్లలుంటే, ఇంట్లో ఆర్‌సీసీబీ లేకపోతే, ఈ నెల మిగతా ఖర్చులు పక్కన పెట్టి ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి అది పెట్టించండి. పాత ఇళ్లలో ఎర్తింగ్ కూడా సరిగా ఉండదు, అదీ చూపించండి.

ఉన్నవాళ్లు నెలకోసారి, కరెంటు ఉన్నప్పుడు, ఆ టెస్ట్ బటన్ నొక్కండి. టక్కున కింద పడాలి. పడకపోతే అది ఉన్నా లేనట్టే, మార్పించండి. ఒక్క మాట గుర్తుంచుకోండి: ఫేజూ (కరెంటు వచ్చే వైరు) న్యూట్రలూ (తిరిగి వెళ్లే వైరు) రెండూ ఒకేసారి పట్టుకుంటే అది కనిపెట్టలేదు. కాబట్టి అది ఉందన్న ధైర్యంతో బోర్డులు విప్పకండి.

తర్వాత ఒక్కో ఎంసీబీ దించుతూ ఏ గది ఆరిపోయిందో చూసి, దాని కింద తెల్ల టేపు అంటించి రాయండి: హాలు, కిచెన్, బెడ్రూం ఏసీ, గీజరు. ఇద్దరుంటే పావుగంటలో అయిపోతుంది.

ఇన్వర్టర్ ఉన్నవాళ్లకి ఒక ముఖ్యమైన విషయం. మెయిన్ దించగానే కరెంటు పోయిందనుకుని ఇన్వర్టర్ ఆన్ అవుతుంది. ఫ్యాను లైను, కొన్ని సాకెట్లు అలాగే బతికుంటాయి. కరెంటు పని ఏదైనా చేసేటప్పుడు మెయిన్‌తోపాటు ఇన్వర్టర్ కూడా ఆపండి. ఆ తర్వాత టెస్టర్ పెట్టి చూడండి. టెస్టర్‌ని కూడా గుడ్డిగా నమ్మొద్దు. దించకముందే కరెంటున్న సాకెట్‌లో పెట్టి వెలుగుతోందో లేదో చూసుకోవాలి, లేకపోతే పాడైపోయిన టెస్టర్ వెలగట్లేదని ధైర్యంగా వైరు పట్టుకుంటాం.

ఎంసీబీ మాటిమాటికీ పడిపోతుంటే ఆ లైన్లో ప్లగ్గులన్నీ పీకేసి, ఎంసీబీ ఎత్తి, ఒక్కోటీ పెట్టుకుంటూ రండి. ఏది పెట్టగానే పడిందో దోషం దానిదే. ఏమీ పెట్టకుండానే పడుతుంటే వైరింగులో ఉంది, అది ఎలక్ట్రీషియన్ పని. పడిపోతోంది కదా అని పెద్ద ఆంపియర్ల ఎంసీబీ వేయమని మాత్రం ఎవరినీ అడగకండి, ఫ్యూజులో లావు రాగి తీగ చుట్టకండి. పడిపోవడమే దాని పని.

ఎవరికైనా షాక్ కొడుతుంటే ముందు మెయిన్ దించాలి. బిడ్డని చేత్తో లాగబోతే తల్లి కూడా అతుక్కుపోతుంది. మెయిన్ దూరంగా ఉంటే ఎండు కర్రతోనో ప్లాస్టిక్ కుర్చీతోనో విడదీయండి.

గ్యాసు

ఎల్పీజీ గాలికంటే బరువు. లీకైతే పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది. నిలబడి వంట చేసే మనకంటే ముందు నేల మీద పాకే బిడ్డ దాన్ని పీలుస్తుంది. వాసన రాగానే చేయాల్సినవి ఇవి: స్టవ్, దీపం, అగరొత్తి ఏది వెలుగుతున్నా ఆర్పండి. రెగ్యులేటర్ ఆఫ్ చేయండి. పిల్లల్ని బయటికి పంపండి. తలుపులూ కిటికీలూ బార్లా తెరవండి. ఏ స్విచ్చీ వేయకండి, వేసి ఉన్నదాన్ని ఆపకండి కూడా, ఎందుకంటే ఆపినా చిన్న నిప్పురవ్వ వస్తుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయాలనిపిస్తుంది, వద్దు. రెగ్యులేటర్ తీసి, సిలిండర్‌తో వచ్చిన మూత బిగించండి. ఆ మూత తాడుతో సిలిండర్‌కే వేలాడుతూ ఉండాలి, కొత్త సిలిండర్ రాగానే తెంపి పారేసే అలవాటు ఉంటే ఇవాళే మానండి. ఫోన్ ఇంటి బయటికెళ్లాకే. నంబరు 1906, రాత్రీ పగలూ ఉంటుంది.

సిలిండర్ మార్చిన ప్రతిసారీ కాస్త సబ్బు నురగ తీసి రెగ్యులేటర్ చుట్టూ, పైపు రెండు చివర్లా రాయండి. బుడగలు ఉబ్బుతూ వస్తే లీకుంది. అగ్గిపుల్ల గీసి చూసేవాళ్లు ఇంకా ఉన్నారు, ఆ పని ఎన్నడూ చేయకండి. నారింజ రంగు సురక్షా పైపు మీద తేదీ ముద్రించి ఉంటుంది, అయిదేళ్లకి మార్చేయాలి. మధ్యలో పగుళ్లు కనిపిస్తే అంతవరకూ ఆగొద్దు. సిలిండర్ పైన పిడి దగ్గర పట్టీ మీద లోపలివైపు ఒక అక్షరం, రెండంకెలు ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, సి అంటే జులై నుంచి సెప్టెంబర్, డి అంటే అక్టోబర్ నుంచి డిసెంబర్. అంకెలు సంవత్సరం. బి-28 అని ఉంటే 2028 జూన్‌లోపు దానికి మళ్లీ పరీక్ష జరగాలి. గడువు దాటినది తెస్తే తీసుకోకండి.

కారే పంపు

ఇక చేత్తో చేసే పనికి వద్దాం. మొదటి పనిగా కారే పంపునే ఎందుకు చెబుతున్నానంటే, ఇందులో భయపడాల్సింది ఏమీ లేదు. రాత్రి పడుకునేముందు పంపు కింద ఖాళీ మగ్గు పెట్టి పొద్దున చూడండి, ఎన్ని నీళ్లు పోతున్నాయో మీకే తెలుస్తుంది. బకెట్ మాత్రం పెట్టొద్దు. నిండిన బకెట్లోకి తలకిందులుగా పడిన చిన్న పిల్లలు తమంతట తాము పైకి రాలేరు. బాత్రూంలో బకెట్లు ఎప్పుడూ ఖాళీగా బోర్లించే ఉంచండి.

కావాల్సినవి స్క్రూడ్రైవర్, అడ్జస్టబుల్ స్పానర్, పాత గుడ్డ, టెఫ్లాన్ టేపు, అర ఇంచీ వాషర్లు.

1. ఆ పంపుకి నీళ్లొచ్చే వాల్వ్ కట్టేసి, పంపు తెరిచి, పైపులో మిగిలిన నీళ్లు పోనివ్వండి.

2. కింద జాలీ మీద గుడ్డ పరచండి. స్క్రూ అందులో పడితే పని అక్కడితో ఆగిపోతుంది.

3. పిడి మీద ఎర్రదో నీలందో చిన్న బొట్టులాంటి మూత ఉంటుంది. గోరుతోనో చిన్న స్క్రూడ్రైవర్‌తోనో లేపితే కింద స్క్రూ కనిపిస్తుంది. అది విప్పి పిడి పైకి లాగండి. బోరు నీళ్ల ఉప్పుకి పట్టేసి రాకపోతే, వేడి నీళ్లలో ముంచిన గుడ్డ చుట్టి పది నిమిషాలు వదలండి.

4. ఇప్పుడు ఆరు మూలల నట్టు కనిపిస్తుంది. స్పానర్ పెట్టి ఎడమవైపు తిప్పండి. ఎడమ చేత్తో పంపుని గట్టిగా పట్టుకోవడం మర్చిపోవద్దు. పట్టుకోకపోతే నట్టుతోపాటు పంపు మొత్తం గోడలో తిరిగి, లోపల చుట్టిన టేపు వదులైపోతుంది.

5. స్పిండిల్, అంటే పంపు లోపలి కాడ, బయటికి వస్తుంది. చాలా చుట్లు తిప్పితే ఆగే పాతరకం పంపు అయితే దాని అడుగున నల్లటి రబ్బరు వాషర్ ఉంటుంది. తిప్పి చూడండి, గుండ్రంగా గాడి పడి ఉంటుంది. ఆ గాడిలోంచే ఇన్నాళ్లూ నీళ్లు కారాయి. వాషర్ మార్చండి. పావు చుట్టుకే తెరుచుకునే కొత్తరకం అయితే లోపల సిరామిక్ బిళ్లలు ఉంటాయి, స్పిండిల్ మొత్తం మార్చాలి. పాతది జేబులో వేసుకుని షాపుకి వెళ్లండి, కంపెనీకో రకం పళ్లుంటాయి.

6. పంపు లోపల వేలు పెట్టి తుడవండి. ఇసుక రేణువు ఒక్కటి ఉన్నా కొత్త వాషర్ నెల తిరక్కుండా పాడవుతుంది.

7. బిగించేటప్పుడు పాతరకం స్పిండిల్‌ని తెరిచిన స్థితిలో ఉంచి బిగించండి, వాషర్ నలగదు. చేతికి ఆగాక స్పానర్‌తో కొంచెం చాలు.

8. వాల్వ్ నెమ్మదిగా తెరవండి. మొదట గోధుమరంగు నీళ్లు వస్తాయి, పోనివ్వండి.

గోడ దగ్గర కారుతుంటే సమస్య వాషర్ది కాదు, టేపుది. పంపు మొత్తం విప్పి, పాత టేపు ముక్కలు పిన్నుతో తీసేసి, పంపుకి మరలున్న చివర మీ వైపు పెట్టుకుని గడియారం ముల్లు తిరిగే దిక్కున టెఫ్లాన్ టేపు లాగి బిగుతుగా చుట్టండి. మన దగ్గర దొరికే పల్చటి టేపు 10 నుంచి 15 చుట్లు పడుతుంది. ఎదురు దిక్కున చుట్టారా, బిగిస్తున్నకొద్దీ టేపు ఊడి వచ్చేస్తుంది.

ఫ్లష్ ట్యాంకు లీకు అంత తేలిగ్గా కనిపించదు. బట్టలకి వేసే నీలిమందు నాలుగు చుక్కలు ట్యాంకులో వేసి, 20 నిమిషాలు ఎవరూ ఫ్లష్ చేయకుండా చూడండి. కమోడ్‌లో నీలం దిగితే ట్యాంకు అడుగు వాషర్ పోయినట్టే.

బీరువా, డ్రాయర్లు గోడకి బిగించడం

నడక వచ్చిన పిల్లలకి డ్రాయర్లు మెట్ల లాంటివి. కింది డ్రాయరు లాగి, దాని మీద కాలు పెట్టి, పైది లాగుతారు. బరువంతా ముందుకొచ్చి మొత్తం మీద పడుతుంది. టీవీ స్టాండ్లూ, పుస్తకాల అరలూ అంతే. పిల్లలున్న ఇంట్లో నేను అస్సలు వాయిదా వేయొద్దనేది ఈ పనే, ఎందుకంటే చుట్టాలొచ్చినప్పుడు ఎవరి కంటికీ కనిపించని ప్రమాదం ఇది.

ముందు బరువు సర్దండి. బరువైనవి కింది అరల్లోకి. పిల్లల బొమ్మలూ బిస్కెట్లూ పైన పెట్టకండి, పైకి ఎక్కేది వాటికోసమే. బీరువా ముందుకు వాలి ఉంటే ముందు కాళ్ల కింద పల్చటి చెక్క ముక్క పెట్టి, కొంచెం గోడవైపు ఒరిగేలా చేయండి.

బిగించడానికి రెండు ఎల్ క్లాంపులు, 6 ఎంఎం ప్లాస్టిక్ ప్లగ్గులు (గోడ రంధ్రంలో దిగి స్క్రూని పట్టి ఉంచేవి), స్క్రూలు, డ్రిల్ మిషన్ కావాలి. మిషన్ కొనక్కర్లేదు, అపార్ట్‌మెంట్‌లో ఎవరో ఒకరి దగ్గర ఉంటుంది. పిల్లల్ని ఆ గంటసేపు వేరే గదిలో, వేరే మనిషి దగ్గర ఉంచండి.

రంధ్రం ఎక్కడ అన్నది ముఖ్యం. స్విచ్ బోర్డుకి నేరుగా పైనా, కిందా, పక్కనా వద్దు, వైర్లు అటే పోతాయి. గోడకి అవతల బాత్రూం ఉంటే అక్కడా వద్దు, లోపల నీళ్ల పైపులుంటాయి. చోటు కుదిరాక వేలి కణుపుతో కొట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే ప్లాస్టరు వదిలినట్టు, కాస్త పక్కకి జరపండి.

క్లాంపు పెట్టి పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. ప్లగ్గు పొడవుని బిట్టు పక్కన పెట్టి, దానికంటే అర సెంటీమీటరు ఎక్కువ దగ్గర బిట్టుకి టేపు చుట్టండి, అంతవరకే లోపలికి పోవాలి. గుర్తు కింద కాగితాన్ని జేబులా మడిచి అంటిస్తే దుమ్ము అందులో పడుతుంది. కళ్లద్దాలు పెట్టుకుని నెమ్మదిగా మొదలుపెట్టండి. మొదట బూడిదరంగు పొడి వస్తుంది, అది ప్లాస్టరు. తర్వాత ఎర్రటి పొడి వస్తే ఇటుక తగిలినట్టు, మంచిది. బూడిదరంగే వస్తూ బిట్టు ఒక్కసారిగా మెత్తగా దిగిపోతే రెండు ఇటుకల మధ్య సందులో పడ్డారు. అక్కడ ప్లగ్గు నిలవదు, రెండు వేళ్ల దూరం జరగండి. ఎంత నొక్కినా దిగకపోతే అది కాంక్రీటు, హ్యామర్ మోడ్ వేసి ఓపిగ్గా చేయాలి.

రంధ్రంలో దుమ్ము ఊది పోగొట్టి ప్లగ్గు పెట్టండి. సుత్తితో నాలుగు చిన్న దెబ్బలకి దిగాలి. వేలితో నొక్కితేనే దిగిపోయిందా, వదులుగా ఉన్నట్టు. 8 ఎంఎం బిట్టు, 8 ఎంఎం ప్లగ్గు వేసి మళ్లీ చేయండి. క్లాంపు రెండో చివర చెక్క సామానుకి బిగించేటప్పుడు వెనక ఉండే పల్చటి ప్లైకి కాదు, పై చట్రానికి బిగించండి. ఇనప బీరువా అయితే పై రేకుకి రంధ్రం చేసి నట్టూ బోల్టూ వేయండి. అయ్యాక పైన రెండు చేతులతో పట్టుకుని గట్టిగా మీ వైపు లాగి చూడండి. కదలకూడదు.

ఇంకో రెండు

బాత్రూం తలుపు లోపలి గడియ పిల్లలకి అందే ఎత్తులో ఉంటే ఇవాళే స్క్రూలు విప్పి పైకి మార్చండి. గుండ్రటి నాబ్ ఉన్న తాళమైతే బయటివైపు మధ్యలో చిన్న గాడి ఉందేమో చూడండి. రూపాయి బిళ్లతో తిప్పితే తెరుచుకుంటుంది. బాబు లోపలుండి ఏడుస్తున్నప్పుడు కాదు, ఇప్పుడే ఒకసారి తెరిచి చూడండి. అలాగే బొమ్మల్లో, రిమోట్లలో బ్యాటరీ మూత స్క్రూతో బిగించి ఉందో లేదో చూడండి. బటన్ బ్యాటరీ మింగితే గంటల్లోనే లోపల కాలుస్తుంది. మింగాడన్న అనుమానం వచ్చినా ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

గీజరు విప్పడం, మెయిన్ బోర్డు లోపలి వైర్లు, గ్యాసు రెగ్యులేటర్ లోపలి భాగాలు, కిటికీ బయట నిలబడి చేసే పనులు నేను చేయను, మీరూ చేయకండి. వాటికి పని తెలిసిన మనిషినే పిలవండి.

చివరగా ఒక తెల్ల కాగితం మీద నీళ్ల మెయిన్ ఎక్కడుందో, ఏ ఎంసీబీ దేనిదో, గ్యాసుకి 1906, అంబులెన్స్‌కి 108, ప్లంబరు, ఎలక్ట్రీషియన్ ఫోన్ నంబర్లు పెద్ద అక్షరాలతో రాసి కిచెన్ అల్మారా తలుపు లోపల అంటించండి. అంటించి వదిలేయకుండా ఇంట్లో ఒక్కొక్కరితో చేయించండి. మా అత్తయ్యగారితో చేయించినప్పుడే తెలిసింది, మెయిన్ బోర్డు ఆవిడ చేతికి అందదని. స్టూలు వేస్తే బాబు ఎక్కేస్తాడు. అందుకని తలుపు వెనక మూరెడు ఎండు కర్ర ఒకటి పెట్టాం. ఆవిడ దానితో మెయిన్ పిడిని కిందికి నొక్కడం మూడుసార్లు చేసి చూసుకున్నారు.